మునిగిపోయే ఒత్తులు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఏ 'శ' ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోను దిద్దితే దిద్దినట్టు, లేకపోతే లేదు. ఇంజనీరింగ్ చదివాను, కంప్యూటర్ భాషలు బాగానే వచ్చు. వాటిలో ఒక్క చుక్క మరిచిపోయినా మిషను మొహం మీదే చెప్పేస్తుంది. తెలుగు పాపం ఏమీ అనదు, ఎలా రాసినా ఊరుకుంటుంది. అలా ఊరుకునీ ఊరుకునీ నాలాంటి వాళ్ళని తయారుచేసింది. అందుకని ఈ కథలో నేను పూర్తిగా తప్పులు రాసేవాళ్ళ పక్షం. తప్పులు దిద్దే లక్ష్మీతులసి కూడా నాకు నచ్చిందంటే, ఒక తప్పుని ఆవిడ కావాలనే దిద్దకుండా వదిలేసింది కాబట్టి.

లక్ష్మీతులసిది అమలాపురం. ఆవిడదీ ఇంజనీరింగే. హైదరాబాదులో కొన్నాళ్ళు టెస్టింగ్ ఉద్యోగం చేసింది. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, ఒక్కోదానికీ ఒక నంబరు వేసి, అది దిద్దేదాకా రాసినవాళ్ళ వెంటపడటం. కంపెనీ మూతపడ్డాక ఇంటికొచ్చి, బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, ఓడలరేవుకి ఇవతల సముద్రం మీదకి వేటకెళ్ళేవాళ్ళ పేటలో లెక్కల టీచరుగా చేరింది. "ఏం మారింది? అప్పుడూ తప్పులు వెతకడమే, ఇప్పుడూ తప్పులు వెతకడమే. కాకపోతే ఇక్కడ తప్పు రాసినవాళ్ళు జామకాయలు తెచ్చిపెడతారు" అనేది.

ఆ బళ్ళో తెలుగు మేస్టారు సత్యప్రసాద్. మెడలో తువ్వాలు, జేబులో రంగు చాక్‌పీసులు. ఎర్రపెన్ను ముట్టుకునేవాడు కాదు. ఎవరైనా తప్పు రాస్తే దాన్ని కొట్టేయడు, చుట్టూ సున్నా చుట్టడు. రాసింది రాసినట్టుగా, రేడియోలో వార్తలు చదివినంత గంభీరంగా, బయటికి చదువుతాడు. అంతే. చదివి, రాసినవాళ్ళ వైపు ఎంతో మర్యాదగా చూస్తాడు.

"మా నాన్న రోజూ సముద్రంలో చేపలు పెడతాడు."

క్లాసంతా ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత గొల్లుమంటుంది. రాసినవాడే అందరికంటే గట్టిగా నవ్వి, "పడతాడండీ! పెట్టడండీ!" అని పరిగెత్తుకొచ్చి దిద్దేసుకుంటాడు. ఆ తప్పు మళ్ళీ జన్మలో రాయడు.

తులసి చేరిన కొత్తలో ఒకరోజు హెడ్మాస్టారు మంగరాజుగారు చూస్తుండగానే ఆవిడా సత్యప్రసాదూ ఐదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. 'మా బడి' మీద వ్యాసం. సత్యప్రసాద్ ఒక పేపరు దగ్గర ఆగాడు. పెదవి కొరుక్కున్నాడు. పేపరు తులసి వైపు జరిపాడు.

"ఏంటండీ అది? బయటికి చదవండి" అన్నారు మంగరాజుగారు.

"వద్దులెండి మేస్టారూ."

"అదేంటయ్యా, పిల్లలవి చదువుతావు, నాకైతే చదవవా?"

సత్యప్రసాద్ లేచి నిలబడ్డాడు. తువ్వాలు సర్దుకున్నాడు. "మా హెడ్మాస్టారు చాలా మంచివారు. మమ్మల్ని ప్రేమగా చస్తారు."

మంగరాజుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత "చూడటానికీ చావడానికీ మధ్య ఒక్క కొమ్మే కదయ్యా తేడా. రిటైరయ్యే లోపు ఆ కొమ్ము తగిలించేయండి" అన్నారు. తులసికి నవ్వాపుకోలేక మంచినీళ్ళు ముక్కులోకి వెళ్ళాయి. సత్యప్రసాద్ తువ్వాలు తీసి ఇచ్చాడు. అందులో సుద్ద వాసన. ఆ రోజు నించి ఆవిడకి సుద్ద వాసన అంటే ఒక మనిషి వాసన.

ఇద్దరూ వరండాలో క్యారేజీలు విప్పుకుని తినేవాళ్ళు. ఆయన మామిడికాయ పచ్చడి ఈవిడ డబ్బాలోకి, ఈవిడ వేపుడు ఆయన డబ్బాలోకి వెళ్ళేవి. మాటలన్నీ పిల్లల గురించే, వాళ్ళ రాతల గురించే. వేరే మాటకి తొందరేముందిలే అనుకుంది తులసి. మధ్యాహ్నాలు చాలా ఉంటాయి కదా అని.

పోయినేడు జూన్‌లో బదిలీలొచ్చాయి. సత్యప్రసాద్‌ని ముక్తేశ్వరం అవతల, గోదారి మధ్యలో ఉన్న ఒక లంక ఊరికి వేశారు. పడవెక్కితేగానీ ఆ ఊరు చేరలేరు. వెళ్ళే రోజు ఆయన తన చాక్‌పీసుల పెట్టె తులసి బల్ల మీద పెట్టాడు.

"తెల్లవి మీ లెక్కలకండీ. రంగువి నా తెలుగుకి. కొత్త మేస్టారొచ్చేదాకా మీరే చెప్పాలంట కదా."

"నాకు తెలుగేం వచ్చండీ?"

"వాళ్ళకీ రాదు కదండీ. సరిపోద్ది." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తులసి కుర్చీలోంచి లేచింది. "మంచి తప్పేదన్నా దొరికితే పంపించండి" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

మనిషి వెళ్ళిపోతూ వదిలేసిన ఒక్క మాట. దాన్ని పట్టుకుని ఒక ఏడాది బతకొచ్చని తులసికి అప్పుడు తెలియదు.

మొదటి తప్పు ఆరో తరగతి చంటిగాడి పుణ్యం. వాడి సెలవు చీటీ ఫొటో తీసి పంపింది. "నాకు వరం వచ్చినందున రెండు రోజులు బడికి రాలేను."

జవాబు అయిదు నిమిషాల్లో వచ్చింది. "ఏ దేవుడు ప్రత్యక్షమయ్యేడో కనుక్కున్నారా అండీ? సెలవిచ్చేయండి. ఇలాంటివాళ్ళతో పెట్టుకోకూడదు."

తర్వాత కలెక్టరుగారు బడికొచ్చి కొబ్బరి ముక్క నాటిన సంగతి. ఆయన అడిగాడు, "నీళ్ళు పోస్తున్నారా అండీ? చట్నీ మొలుస్తుందేమో." ఆ తర్వాత ఇంకోటి, ఇంకోటి. ఈవిడ ఫొటో పంపడం, ఆయన ఒక ముక్క రాయడం, ఈవిడ నవ్వే బొమ్మ పెట్టడం. ఎలా ఉన్నారు అని ఆయన అడగలేదు. ఎప్పుడొస్తారు అని ఈవిడా అడగలేదు. తప్పు లేకుండా ఒక్క మెసేజీ లేదు.

ఇందులో తిరకాసు ఏంటంటే, తులసి మంచి టీచరు. ఆయన పద్ధతే పట్టుకుంది. తప్పుని తప్పుగానే బయటికి చదివేది. మొదట్లో గొంతు వణికేది, తర్వాత వార్తలు చదవడం వచ్చేసింది. పిల్లలు నవ్వేవాళ్ళు, దిద్దుకునేవాళ్ళు. దిద్దుకున్నవాళ్ళు మళ్ళీ రాసేవాళ్ళు కాదు. చలికాలం వచ్చేసరికి చేపలు పెట్టేవాళ్ళు లేరు, ఎండాకాలానికి వరాలు వచ్చేవాళ్ళు లేరు. చంటిగాడు సెలవు చీటీలో 'జ్వరం' అని రాసిచ్చిన రోజు తులసి వాడి వీపు తట్టింది. తర్వాత వరండాలోకి వెళ్ళి ఫోను వైపు చూస్తూ నిలబడింది. పంపడానికి ఏమీ లేదు. తన పని తను సరిగ్గా చేస్తున్నకొద్దీ ఆయన దూరమైపోతున్నాడు.

కొత్త ఏడు మొదలయ్యేసరికి ఆవిడకి మిగిలింది ఒక్కత్తే. విజయదుర్గ.

ఐదో తరగతి. రెండు జడలు, ముందు పళ్ళ మధ్య సందు, అక్షరాలు ముత్యాలు. లెక్కల్లో ఫస్టు. కానీ ఒత్తు రాయదు. ఏ ఒత్తూ రాయదు. అమ్మ ఆ పిల్లకి 'అమ'. అన్నం 'అనం'. పువ్వు 'పువు'. చదవమంటే అన్నీ సరిగ్గా చదువుతుంది. రాయమంటే మాత్రం కింద ఏదీ ఉండదు. ఒకసారి చెల్లెలి గురించి రాసింది, "మా చెలికి పళు ఊడాయి" అని.

తులసి పంపింది. ఆ రోజు జవాబు వెంటనే రాలేదు. సాయంత్రం ఆటోలో అమలాపురం వెళ్తుంటే వచ్చింది.

"చెలికి పళ్ళూడినా పరవాలేదండీ. చెలి చెలే కదా."

ఆ వాక్యాన్ని తులసి బెండమూరులంక దాకా చదివింది. అమలాపురం బస్టాండులో దిగి నిలబడి మళ్ళీ చదివింది. పిల్ల రాసిన తప్పు గురించే అన్నాడు. ఇంకేం లేదు. ఇంకేం లేదనే కదా ఇన్నిసార్లు చదవాల్సి వస్తోంది.

అప్పుడే ఆవిడ నిర్ణయించుకుంది. నిర్ణయించుకుందని తనతో తనే చెప్పుకోలేదనుకోండి. దుర్గ పుస్తకం వచ్చినప్పుడు ఫొటో తీసుకునేది, "బాగుందమ్మా, దస్తూరీ భలే ఉంది" అనేది, తిరిగిచ్చేసేది. బయటికి చదివేది కాదు. పాత ఉద్యోగంలో ఇలాంటివి చూసేది ఆవిడ. దిద్దడం తెలిసి కూడా ఏవో కారణాలు చెప్పి మూసేయకుండా ఉంచే తప్పులు. అలా ఉంచినవాళ్ళ మీద రోజూ విసుక్కునేది.

శ్రావణమాసం వస్తుందనగా ఒక మధ్యాహ్నం దుర్గ నాయనమ్మ అచ్చాయమ్మ బళ్ళోకొచ్చింది. తలమీద ఖాళీ చేపల తట్ట. ఆవిడ వెనక దుర్గ, పరికిణీ అంచు నోట్లో పెట్టుకుని.

"పంతులమ్మగారూ! మా సత్తిదుర్గారావు కొత్త పడవ దింపుతున్నాడండి. పైబరుది. వచ్చే సుక్రవారం పేరు రాత. తమరు రావాలండి."

ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పడవకి పేరు పెయింటరు రాయడు. ఆ ఇంట్లో బడికెళ్ళే పిల్లల్లో ఒకరు ముందు చాక్‌పీసుతో రాయాలి. పెయింటరు దాని మీదే రంగు దిద్దుతాడు, గీత అటూ ఇటూ పోకుండా. పిల్లలు ఎలా రాస్తే అలాగే. చెరపకూడదు. పడవ మీద పడ్డ మొదటి రాతని చెరిపితే ఆ పడవకి రేవు గుర్తుండదని వాళ్ళ నమ్మకం.

దాంతో ఏమైందంటే, ఆ రేవులో పడవలన్నీ బడిపిల్లల తప్పులతో తేలుతుంటాయి. 'జై హనమాన్'. 'లకిమీ నరసింహ'. సత్యప్రసాద్ ఉన్నప్పుడు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళి పడవలు చదివించేవాడు. అన్నిటికంటే పేరుమోసింది సూరిబాబు పడవ. మూడో తరగతిలో ఉన్నప్పుడు సముద్రరాజు అని రాయబోయి 'సముదరాజు' అని రాశాడు. ఇప్పుడు అతనికి మీసాలొచ్చాయి, పెళ్ళయింది, పిల్లలున్నారు. పేట మొత్తానికి ఇప్పటికీ అతను 'సముదం'.

"మావోడికి మగపిల్లల్లేరు కదండి. ఇదే రాయాలి" అంది అచ్చాయమ్మ. "పేరు గంగమ్మతల్లి అనుకున్నావండి. ఆయ్. నాకు సదువు రాదండి, అచ్చరం ముక్క తెలీదు. కానీ మా పడవ మీద సుబ్బరంగా ఉండాలండి. ఆ సూరిగాడిలాగ నా మనవరాలు ముసల్దయ్యేదాకా అనిపించుకోకూడదు. తమరు చూసుకుంటారు కదా."

"చూసుకుంటానండీ" అంది తులసి. 

"ప్రసాదు మేస్టారికి కూడా కబురెట్టండి. దీనికి అచ్చరాలు దిద్దించింది ఆయనే కదా."

అచ్చాయమ్మ వెళ్ళిపోయాక దుర్గ కదల్లేదు.

"టీచరండీ."

"ఏంటమ్మా?"

"ఆ రోజు నాకు జెరం వత్తాదండి."

"ఇంకా వారం ఉందిగా. ఇప్పుడే ఎలా తెలుసే?"

"వత్తాదండి. తెచ్చుకుంటానండి." కళ్ళనిండా నీళ్ళు. "ఏడో తరగతోళ్ళు నన్ను గంగమ తలి అని పిలుత్తున్నారండి. నేను రాత్తే పడవ మీద అదే ఉండిపోద్దంటండి. మా నాన్న పడవ పాతదయ్యేదాకా."

తులసి కుర్చీలో కూర్చుంది. ఫోనులో ఈ పిల్ల పుస్తకం ఫొటోలు ఎన్ని ఉన్నాయో ఆవిడకి తెలుసు. ఒక్కసారైనా ఎందుకలా రాస్తున్నావని అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. జవాబొస్తే దిద్దాలి.

ఇప్పుడు అడిగింది. "దుర్గా, కింద ఒత్తు ఎందుకు రాయవమ్మా?"

దుర్గ ముక్కు తుడుచుకుంది. ఇంత చిన్న విషయం టీచరుకి తెలీదా అన్నట్టు చూసింది. "గీత నీళ్ళు కదండీ."

"ఏ గీత?"

పుస్తకం తీసి, రూళ్ళ గీత మీద వేలు పెట్టి చూపించింది. "ఇదండి. నా చిన్నప్పుడు మా తాత పడవ బొమ్మ గియ్యడం నేర్పేడండి. ముందు నీటిగీత గియ్యాలి, పడవ దాని మీద ఉండాలన్నాడు. గీత కిందకెళ్తే మునిగిపోద్ది కదండీ. అక్షరాలు కూడా అంతే కదా."

ఆ తాత అప్పలస్వామి పోయి మూడేళ్ళు. నేర్పిన నీటిగీత మాత్రం పిల్ల పుస్తకంలో పేజీ పేజీకీ ఉంది. ఒక్క ఒత్తుని కూడా మునగనివ్వకుండా కాపాడుకుంటూ వచ్చింది ఆ పిల్ల.

తులసి చెయ్యి ఫోను మీదకి వెళ్ళింది. ఇన్నాళ్ళలో దొరికినవాటిల్లో ఇదే గొప్పది. ఇది వింటే ఆయన మొహం ఎలా అవుతుందో ఆవిడకి కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది. ఎదురుగా దుర్గ జడ కొస నములుతూ నిలబడి ఉంది. తులసి ఫోను సంచీలో పడేసి జిప్పు లాగేసింది.

"రా. రేవుకెళ్దాం."

సాయంత్రపు పోటు. పాయలో నీళ్ళు అప్పటికే ఎర్రబారుతున్నాయి, పైన ఎక్కడో వానలు. సూరిబాబు పడవ కొంచెం లోపల ఊగుతోంది.

"ఆ పడవ కొట్టుకుపోవట్లేదే, ఎందుకని?" అంది తులసి.

"లంగరేసేరు కదండీ."

"లంగరు ఎక్కడుంది?"

"నీళ్ళ కిందండి."

"అయ్యో, మునిగిపోయిందా?"

దుర్గ నవ్వేసింది. "లంగరు మునగాలి కదండీ! మునక్కపోతే పడవే పోద్ది..." అని ఆగింది. తడి ఇసక వైపు చూసింది. వంగి, వేలితో 'మ' రాసింది. దాని కింద అడ్డంగా నీటిగీత గీసింది. కాసేపు ఆలోచించింది. గీత కింద, నెమ్మదిగా, తాడు వదులుతున్నట్టు, ఇంకో చిన్న 'మ' దింపింది.

"లంగరా అండీ ఇది?"

"లంగరే."

అంతే. ఇన్నాళ్ళూ వదిలేసింది ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

అయిపోయిందంటే పూర్తిగా కాదు. మర్నాడు దుర్గ పుస్తకంలో ఎక్కడ పడితే అక్కడ లంగర్లు. 'పడవ్వ'. 'చేప్ప'. 'నాయ్యనమ్మ'. అడిగితే "వానాకాలం కదండీ, గాలెక్కువని" అంది. ఇవన్నీ పంపుకుంటే దీపావళి దాకా సరిపోయేవి. తులసి పుస్తకం తెరిచి, సత్యప్రసాద్‌లాగా నిలబడి, వార్తల గొంతుతో "నేను చేప్ప కూర్ర తిన్నాను" అని చదివింది. క్లాసు గొల్లుమంది. దుర్గ కూడా నవ్వి, వచ్చి, అక్కర్లేని లంగర్లు ఒక్కొక్కటే పైకి లాగేసుకుంది. ఆయన వెళ్ళాక తులసి ఫొటో తీయకుండా దిద్దిన మొదటి తప్పులు అవి.

ఆయనకి మాత్రం ఒక మెసేజీ పెట్టింది. "శుక్రవారం సాయంత్రం దుర్గ వాళ్ళ పడవకి పేరు రాస్తోంది. అచ్చాయమ్మగారు మిమ్మల్ని రమ్మన్నారు." 'అచ్చాయమ్మగారు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగింది. చెరిపి, ఇంకేదో రాసి, మళ్ళీ అచ్చాయమ్మగారినే పెట్టింది.

"చూస్తానండి. ఇక్కడ గోదారి పెరుగుతోంది" అని వచ్చింది.

చూస్తానండి. అందులో రావడం ఎంత, రాకపోవడం ఎంత? తులసి లెక్కల టీచరే అయినా తేల్చలేకపోయింది.

శుక్రవారం బడి వదలగానే పేటంతా రేవులో ఉంది. ఇసక మీద కొత్త పడవ, నీలం రంగు, ముక్కుకి పసుపు, కుంకం, మల్లెపూలు. నీళ్ళలోకి దింపడం వరద తీశాకేనట, ఈవేళ పేరు రాత మాత్రమే. సత్యదుర్గారావు కొత్త చొక్కాలో చెమటలు కక్కుతూ కూతుర్ని ఎత్తి పీట మీద నిలబెట్టాడు. తులసి సంచీలోంచి రంగు చాక్‌పీసు తీసింది. ఆయన పెట్టెలో మిగిలిన చివరి పసుప్పచ్చది. పడవ దగ్గర నిలబడి ఉందన్న మాటేగానీ చూపు మాత్రం ఆటోలు వచ్చే దారి మీదే ఉంది. ఒక ఆటో వచ్చింది, మంగరాజుగారు దిగారు. ఇంకోటి వచ్చింది, ఐసు దిమ్మలు దిగాయి.

"ప్రసాదు మేస్టారు రాలేదేంటండి?" అంది అచ్చాయమ్మ.

"చూస్తానన్నారండీ."

అచ్చాయమ్మ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. అక్షరం ముక్క రాదన్న మనిషి ఏం చదువుకుందో ఏమో, ఇంకేమీ అడక్కుండా కొబ్బరిచెక్క చేతిలో పెట్టింది. "తినండమ్మా. నీరసంగా ఉన్నారు."

దుర్గ రాయడం మొదలుపెట్టింది. గం. గ. మ దగ్గర ఆగింది. ఏడో తరగతి పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. దుర్గ ఎడమచేత్తో పడవ మీద అడ్డంగా, గీత గీస్తున్నట్టు, వేలు లాగింది. ఆ తర్వాత నీళ్ళ కిందకి లంగరు దింపింది. మళ్ళీ త. మళ్ళీ ల. మళ్ళీ లంగరు. గుడి పెట్టి చెయ్యి దులుపుకుంది.

"గంగమ్మతల్లి" అని మంగరాజుగారు పైకి చదివారు.

"ఏవేఁ దుర్గా! అన్నీ కరెట్టుగా రాసేసేవు! మబ్బేసినప్పుడు మీ పడవని ఎలా గుర్తెట్టాలే మేవు?" అని అరిచాడు సూరిబాబు.

"ఆ ఒక్కటే సరిగ్గా ఉంటది కదరా సముదం, అలా గుర్తెట్టు!" అంది అచ్చాయమ్మ. రేవంతా నవ్వులు. పీట మీంచి దూకిన దుర్గ తిన్నగా తులసి దగ్గరికొచ్చి నడుం పట్టుకుని మొహం దాచుకుంది. తులసి ఆ జడల మీద చెయ్యేసింది. ఈ ఏడాదిలో ఆవిడ చేసిన మంచిపని ఇదొక్కటే అనిపించింది. తన ఆఖరి సాకు పోయింది కూడా దీనితోనే.

చీకటి పడకముందే జనం పల్చబడ్డారు. పెయింటరు అక్షరాల మీద తెల్లరంగు దిద్దుతున్నాడు. తులసి కొంచెం దూరంగా వెళ్ళి ఇసకలో కూర్చుని ఫోను తీసింది. పడవ ఫొటో పంపొచ్చు. ఆయన ఒక బొటనవేలు బొమ్మ పెడతాడు. అక్కడితో సరి. వేలితో పైకి జరుపుకుంటూ పోయింది. వరం, ముక్క, చెలి. అన్నీ పిల్లల మాటలే. ఇంత పొడుగు సంభాషణలో ఆవిడ మాట ఒక్కటీ లేదు.

నంబరు నొక్కింది. ఇన్నాళ్ళలో మొదటిసారి. ఫోను ఒక్కసారి మోగగానే ఎత్తాడు.

"ఆయ్, చెప్పండి తులసిగారూ. ఏం తప్పు దొరికిందండీ?"

"తప్పేం లేదండీ. దుర్గ అంతా సరిగ్గా రాసింది."

"లంగర్లన్నీ దింపిందా?"

"మీకెలా తెలుసండీ?"

"మంగరాజుగారు చెప్పేరండి పొద్దున్న. చాలా బాగా చెప్పేరంట మీరు." ఆగాడు. "అయితే మరి...?"

"మరేం లేదండీ." తులసి ఇసక గుప్పిట్లోకి తీసుకుంది. "ఊరికే చేశాను."

 అవతల్నించి గాలి హోరు వినిపిస్తోంది. ఇంట్లో ఉన్నవాళ్ళ ఫోనులో అంత గాలి ఉండదు. ఎవరో దూరంగా అరుస్తున్నారు, పడవ వదలం, ఎన్నిసార్లడిగినా వదలం, ఆపీసరుగారు ఒప్పుకోరు, వెళ్ళండి ఇంటికి అని. నీళ్ళు ఒడ్డుని కొడుతున్న చప్పుడు.

తులసి గుప్పిట్లో ఇసక జారిపోయింది.

"ప్రసాద్‌గారూ. మీరు రేవులో ఉన్నారా?"

"ఆయ్."

"పొద్దున్నించా అండీ?"

గోదారి చాలాసేపు వినిపించింది.

"ఆయ్" అన్నాడు.

తర్వాత ఇద్దరూ ఫోను పెట్టేయలేదు. ఆయన ఎదురుగా గోదారి, ఆవిడ ఎదురుగా అదే గోదారి సముద్రంలో కలిసేచోటు. ఆయన కాళ్ళ ముందునించి వెళ్తున్న ఎర్రనీళ్ళు ఏదో ఒక పాయ పట్టుకుని చివరికి ఈ సముద్రంలోకే కదా రావాలి అనుకుంది తులసి. వరద ఎప్పుడు తీస్తుందో ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత సంగతి నన్నడక్కండి. వరద తీశాక పడవలు తిరుగుతాయి, అంతవరకే నాకు తెలుసు. మీ సంగతి చెప్పండి. మీ పుస్తకంలో ఏ తప్పుని మీ మేస్టారు క్లాసంతా వినేలా చదివారు? ఇన్నేళ్ళయినా దిద్దుకోవడానికి మనసొప్పని తప్పు ఏదైనా ఉందా? ఊరికే ఫోను చేయాలనిపించి, సాకు దొరక్క ఆగిపోయిన నంబరు? నాకు రాయండి. ఒత్తులు లేకపోయినా చదువుకుంటాను.